పొట్టు కడిగిన నీళ్ళు

మొదటి ఏడాది మట్టికి బదులు కొబ్బరి పొట్టు నింపిన బకెట్లలో నాటిన టమాటా నారు ఆకుల అంచులు మాడిపోయి, పదిహేను రోజుల్లో ఒక్కొక్కటే తలవాల్చేసింది. మా అత్తయ్య గారు అరుగు మీంచి అంతా చూసి ఒకటే మాట అన్నారు. “డొక్కల గుట్ట పక్కన కాపరం ఉంటూ పొట్టు కొనుక్కొచ్చినదాన్ని నిన్నే చూశానమ్మాయ్.”

ఏం చెప్పను? మాది కోనసీమ. గౌతమికీ వశిష్ఠకీ మధ్య కొబ్బరి కింద నీడ తప్ప ఏమీ కనబడని ఊరు. మా వీధి చివరే వలుపు షెడ్డు. దింపు అయిన కాయ అక్కడికొస్తుంది, వలుపువాళ్ళు గునపానికి గుచ్చి మూడు తిప్పుల్లో డొక్క, అంటే పీచుండే పై తొక్క, ఊడదీస్తారు, కాయ లారీ ఎక్కి పోతుంది, డొక్క రోడ్డు పక్కన మిగిలిపోతుంది. వేసవిలో దాన్ని ఎవరో ఒకరు అంటిస్తారు. ఆ పొగలోంచే నేను బండి మీద వెళ్ళి, ఆన్‌లైన్‌లో తెప్పించిన కోకోపీట్ ఇటుకని, అంటే ఇటుకలా అచ్చుపోసిన ఆ కొబ్బరి పొట్టునే, కొరియర్ ఆఫీసులో సంతకం పెట్టి తెచ్చుకున్నాను.

ఇటుక 5 కిలోలు. నీళ్ళు పోస్తే 70 లీటర్ల దాకా పొంగింది. ముచ్చటేసింది. కవరు మీద “కడిగినది, ఉప్పు తక్కువ” అని పెద్దక్షరాల్లో ఉంది. వాళ్ళు కడగలేదు. ఆ సంగతి నారు చచ్చాక తెలిసింది. మా ఊళ్ళో వాటర్ ప్లాంటు కుర్రాడి దగ్గర ఉండే, నీళ్ళలో ఉప్పులెంత కరిగాయో చూపే టీడీఎస్ పెన్ను అడిగి తెచ్చి, బకెట్ అడుగునించి కారిన నీళ్ళలో ముంచితే, కాలువ నీళ్ళకి చూపించే అంకెకి పదింతలు పైగా చూపించింది. కుర్రాడు పెన్ను పాడైపోయిందనుకుని దులిపి మళ్ళీ ముంచాడు. పెన్ను బాగానే ఉంది.

అక్కణ్ణించి నాలుగేళ్ళుగా ఈ పొట్టుతోటీ, ఊకతోటీ, రొయ్యల పెట్టెలతోటీ కుస్తీ పడుతున్నాను. ఇంటిల్లిపాదికీ సరిపడా బెండ, వంగ, మిరప, తోటకూర ఇప్పుడు పెరట్లోనే వస్తున్నాయి. దాంతోపాటు ఒక అభిప్రాయం కూడా బలపడింది. మట్టి లేని సాగుకి మన దగ్గర దొరికే చెత్తే చాలు, కొనాల్సిన పన్లేదు. కానీ చెత్తని మొక్క వేళ్ళూనుకునే మీడియంగా మార్చేది ఒకటే ఒకటి, కడగడం. అది ఎగ్గొట్టి అమ్మేవాడు మనకి ఉప్పు అమ్ముతున్నట్టే.

మావయ్య వరసాయన ఒకాయన ఉన్నారు, ఎనిమిదెకరాల రైతు. ఆయన వాదన వేరు. “కాటన్ దొర ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తి చేశాక ఇక్కడ కర్ర పాతినా చిగురేస్తుందమ్మా. దేశమంతా మట్టి లేక ఏడుస్తుంటే నువ్వు మట్టి ఉండి పొట్టులో వేస్తావా?” అంటారు.

ఆయన చేలకైతే ఆయన మాటే ఖరారు. డెల్టా రేగడిలో వరి మాన్పించి, ప్లాస్టిక్ పందిళ్ళేసి పొట్టు సంచుల్లో కీరా పెంచండని సలహా ఇచ్చేవాళ్ళతో నాకు పొత్తు లేదు. ఆ మట్టిని నది తెచ్చిపోసింది, అది పండుతోంది, దాని జోలికి పోవక్కర్లేదు. నా గొడవ పెరటి గురించి. పెరట్లో నది తెచ్చిన మట్టి ఎక్కడుంది? 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళెవరూ ఇల్లు పల్లంలో కట్టరు. మెరక తోలిస్తారు. మా పెరడు అలా తోలించిందే. రెండడుగులు తవ్వితే ఇటుక పెడ్డలు, పాత సిమెంటు పెళ్ళలు, చేపల చెరువు తవ్విన జిగురు బంక. వానాకాలం మూడు నెలలూ చెప్పులు ఊడిపోయేంత బురద, వేళ్ళకి ఊపిరాడదు. ఏప్రిల్లో కాలువలకి నీళ్ళు కట్టేశాక బెత్తెడు వెడల్పు బీటలు. సముద్రం వైపు ఊళ్ళలోనైతే బోరు నీళ్ళే ఉప్పు. ఇలాంటి చోట మొక్కని నేల మీంచి జానెడు ఎత్తుకి లేపి, తేలికైన దాన్లో నిలబెడితే బతుకుతుంది. నేనడిగేది అంతే.

పొట్టు ఉప్పగా ఎందుకుంటుందని మా అబ్బాయి అడిగాడు. కొబ్బరి చెట్టు ఉప్పుకి జడిసే చెట్టు కాదు. పొటాషియం, క్లోరిన్ బాగా లాగుతుంది, అందులో చాలా భాగం డొక్కలో దాచుకుంటుంది. పీచు తీసేటప్పుడు రాలే పొట్టులో అదంతా ఉంటుంది, కాస్త సోడియం కూడా. కేరళలో డొక్కని ఉప్పుటేరుల్లో నెలల తరబడి నానబెట్టే పాత పద్ధతిలో ఇంకాస్త ఎక్కేది. నీళ్ళతో కడిగితే ఊరికే తిరిగే ఉప్పు పోతుంది. కానీ కొంత పోదు, అదే అసలు చిక్కు. పొట్టు రేణువుల మీద సీట్లుంటాయి, వాటిని పొటాషియం, సోడియం ఆక్రమించి ఉంటాయి, ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలేసి సీటు ఆపినట్టు. మనం మొక్క కోసం కాల్షియం పోస్తే, అవి లేచి దానికి చోటిస్తాయి. కాల్షియం హాయిగా కూచుండిపోతుంది, మొక్క దాకా రాదు. రెండో ఏడాది నేను పొట్టుని ఆరుసార్లు కడిగాను, మొక్కలు బ్రహ్మాండంగా లేచాయి, తీరా టమాటా కాయ పండే సమయానికి అడుగున నల్లగా, తోలు మచ్చలా కుళ్ళు. పురుగనుకుని మందు కూడా కొట్టాను, సిగ్గుగానే చెప్తున్నాను. అది కాల్షియం అందక వచ్చే జబ్బు. నాటే ముందే పొట్టుని కాల్షియం నైట్రేట్ నీళ్ళలో ఒక రాత్రి నానేసి మళ్ళీ కడిగితే, సీట్లు ముందే నిండిపోయి ఆ గొడవ ఉండదు. ఇది ఏ ఇటుక కవరు మీదా రాయరు.

మూడో ఏడాది కొనడం మానేసి పక్కూరి పీచు ఫ్యాక్టరీకి వెళ్ళాను. షెడ్డు వెనక తాటిచెట్టంత ఎత్తున పొట్టు కొండలు. మేస్త్రి బీడీ ఆర్పేసి వచ్చాడు.

“ఆయ్, కొత్తది కావాలాండి, పాతది కావాలాండి?”

తేడా ఏంటన్నాను.

“కొత్తది చూపుకి బావుంటాదండి. కడియం నర్సరీలకి తోలేవాళ్ళు మాత్రం పాతదే అడుగుతారండి, రెండు వానలు తిన్నది.”

రెండు గుప్పెళ్ళు తీసి చూపించాడు. కొత్తది లేత గోధుమరంగు, పొడిపొడిగా జారిపోతోంది. పాతది ముదురు కాఫీరంగు, పిడికిలి బిగిస్తే ముద్దయి, వేలితో మీటితే విడిపోతోంది. ఇంటికి తెచ్చి రెండూ చెరో గిన్నెలో నానేశాను. పొద్దున్నకి కొత్తదాని నీళ్ళు ఫిల్టరు డికాషన్. పాతదాని నీళ్ళు హోటల్లో రెండోసారి మరగబెట్టిన టీ. పెన్ను అంకెలు కూడా అదే వరసలో ఉన్నాయి. కవర్లలో కొని, పరీక్షలు చేసి, పాఠాలు చదివి నేను తెలుసుకున్నది ఆ మేస్త్రికి వాన చెప్పేసింది.

తర్వాత లెక్క వేశాను. మా వైపు ఏడాదికి 1000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వానంటే ఒక లీటరు నీళ్ళు. పొట్టుని మోకాలెత్తు, అంటే అర మీటరు మందాన పరిస్తే, ఆ చదరపు మీటరు మీద 500 లీటర్ల పొట్టుంటుంది. దాని మీద ఏడాదిలో 1000 లీటర్లకి పైగా నీళ్ళు, అదీ ఉప్పన్నది లేని నీళ్ళు, కరెంటు బిల్లు లేకుండా పడతాయి. మే నెలలో పంపు దగ్గర నిలబడి నేను ఆరుసార్లు కడిగిన కడుగుడంతా దండగ. కాలువలు కట్టేసిన రోజుల్లో పొట్టు కడగడానికి బోరు నీళ్ళు తోడటమంటే మరీ అన్యాయం.

ఇప్పుడు జూన్ మొదట్లోనే పరిచేస్తాను. కింద పోయిన ఎన్నికల ఫ్లెక్సీలు. (ఏ పార్టీవని అడక్కండి, అన్ని పార్టీలవీ ఉన్నాయి, నాయకులంతా పొట్టు కింద నవ్వుతూనే ఉన్నారు.) ఫ్లెక్సీకి కొంచెం వాలు ఇచ్చి, ఆ వాలు కొబ్బరి పాదులోకి దింపాను. అక్కడ ఆగాలి కాస్సేపు, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది ఆ వాలే.

మా మావయ్య గారున్నప్పుడు డొక్క ఒక్కటి బయటికి పోనిచ్చేవారు కాదట. చెట్ల వరసల మధ్య కందకాలు తీయించి, డొక్కలని వాటి గుంట వైపు పైకి వచ్చేలా పేర్పించి, మట్టి కప్పించేవారట. వేసవిలో తేమ ఆపుతుంది, మెల్లిగా పొటాష్ వదులుతుంది. ఇప్పుడు కాయ వలుపు షెడ్డుకి పోతోంది, డొక్క పీచుకి పోతోందో, తగలబడుతోందో, ఏదైనా తోటలోకి తిరిగి రావడం లేదు. తర్వాత మనం పొటాష్ బస్తా కొని అదే చెట్టుకి వేస్తాం. అందుకే “వ్యర్థాలతో సాగు” అన్న మాట వింటే నాకు పళ్ళు జివ్వుమంటాయి. డొక్క వ్యర్థమని ఎవరన్నారు? దాని మీద మొదటి హక్కు చెట్టుది. పొట్టు కడిగిన నీళ్ళలో ఉన్నది ముఖ్యంగా పొటాషియం క్లోరైడు. టమాటాకి అది విషం, కొబ్బరికి అది భోజనం. పొట్టు నాకు, నీళ్ళు చెట్టుకి. కొండలుగా పోసిన పొట్టులోంచి అవే నీళ్ళు డ్రెయిన్లోకి దిగితే మాత్రం నీళ్ళు నల్లబడి కంపు కొడతాయి. పీచు షెడ్ల వెనక బోదెలు చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

మట్టి లేని సాగు అనగానే జనానికి తెల్ల పైపులు, ఊదారంగు లైట్లు, ఏసీ గది గుర్తొస్తున్నాయి. ఒకసారి పట్నంలో శిక్షణకని డబ్బు కట్టి వెళ్తే రోజంతా అవే చూపించి, చివర్లో కిట్టు ధర చెప్పారు. చరిత్ర అంత ఖరీదైనదేం కాదు. కాలిఫోర్నియాలో గెరికె అనే ఆచార్యుడు ఈ విద్యకి 1937లో హైడ్రోపోనిక్స్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత 1946లో షోల్టో డగ్లస్ అనే ఆయన మన బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్‌లో దాన్ని పేదవాడి మెట్టుకి దించే ప్రయత్నం మొదలుపెట్టాడు. పంపుల్లేవు, పైపుల్లేవు. రాతి నుగ్గు, ఇసుక, పైన ఎరువు పొడి, నీళ్ళు. దానికి బెంగాల్ పద్ధతి అని పేరు. యూరప్ వాళ్ళు తర్వాత రాతిని కరిగించి తీసిన ఉన్నిలో పెంచారు, అది కుళ్ళదు, వాడేశాక ఎక్కడ పారేయాలో సమస్య. వేల ఏళ్ళుగా పేరుకున్న పీట్ నేలలు తవ్వి వాడారు, అదీ తప్పని తెలిసి మన వైపు పొట్టు కోసం చూశారు. మన పొట్టు ఓడెక్కి పోతోంది. మనం ఇటుక కొంటున్నాం.

పొట్టు ఒక్కటే పోస్తే ఇంకో తంటా. నీళ్ళు పట్టుకోవడంలో దాన్ని మించింది లేదు, బరువుకి ఏడెనిమిది రెట్లు పడుతుంది. మెత్తటి పొట్టయితే వానలో గాలి లేక వేళ్ళు ఊపిరాడక చస్తాయి. గాలి కోసం ఊక కలపాలి. ఊకకి డెల్టాలో కరువా? మిల్లుకి వెళ్ళిన ధాన్యంలో సుమారు ఐదో వంతు బరువు ఊకే. పచ్చి ఊకే కలిపేశాను మొదట. వారంలో నా మిరప బకెట్ల నిండా వరి నారు. మిల్లు ఎంత మంచిదైనా ఊకలో నాలుగు గింజలు దాక్కుంటాయి, కోనసీమలో గింజ ఎక్కడ పడ్డా ఊరుకోదు. పీకీ పీకీ విసుగొచ్చి నల్ల ఊకకి మారాను.

నల్ల ఊక చేయడం చూడ్డానికి బావుంటుంది. నూనె డబ్బాకి చుట్టూ మేకుతో చిల్లులు పొడిచి, లోపల పుల్లలతో మంట పెట్టి, చుట్టూ ఊక గుట్టగా పోయాలి. మంట ఊకకి అంటుకోదు, వేడి మాత్రం తగులుతుంది. గంటలో డబ్బా దగ్గర్నించి నలుపు మెల్లిగా బయటికి పాకుతుంది. పైకి మచ్చలు మచ్చలుగా నల్లదనం రాగానే పారతో తిరగేస్తూ ఉండాలి. అంతా నల్లబడ్డ క్షణానే విడదీసి నీళ్ళు చల్లేయాలి. ఫోనొచ్చిందని లోపలికెళ్ళారా, తిరిగొచ్చేసరికి తెల్ల బూడిద. ఆకారం చెడకుండా, పడవలా వంగిన చిన్న చిన్న నల్ల పొట్లాలుగా ఉంటే సరైనట్టు. అందులో నల్లులా, పురుగా, కలుపా ఏదీ బతికుండదు. మిల్లు బాయిలర్ బూడిద ఊరికే ఇస్తారు కదా అని అది మాత్రం తేవద్దు. ఆ బూడిదలో చాలా భాగం సిలికా, దుమ్ము ఊపిరితిత్తులకి చెడ్డది, క్షారం కూడా ఎక్కువ. నేను మూడు వంతుల పొట్టుకి ఒక వంతు నల్ల ఊక కలుపుతాను, వంగకైతే కాస్త ఎక్కువ.

బకెట్ అడుగున కంకర పోస్తే నీళ్ళు బాగా దిగుతాయని అందరూ చెప్తారు. నేనూ పోసేదాన్ని. అది నమ్మకమే కానీ నిజం కాదు. గిన్నెలు తోమే స్పాంజ్ ఒకటి నీళ్ళలో ముంచి, అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. కాస్సేపటికి కారడం ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ కారుతుంది! స్పాంజ్ అదే, నీళ్ళవే, ఎత్తు మారింది. ఏ మీడియంలోనైనా అడుగున కొంత మందాన నీళ్ళు ఆగిపోతాయి, కంకర పోస్తే ఆ తడి పొర కంకర మీదికి జరుగుతుంది, వేళ్ళకి మిగిలే చోటు తగ్గుతుంది. అందుకని పల్చటి తొట్టికన్నా లోతు డబ్బా మేలు. పెయింటు బకెట్లు దీనికి పుట్టినట్టే ఉంటాయి.

రొయ్యల పెట్టెల సంగతి చెప్పాలి. భీమవరం వైపు నించి ఐసులో సరుకు నింపి పంపే థర్మాకోల్ పెట్టెలు, మూత విరిగినవి మార్కెట్ వెనక ఊరికే దొరుకుతాయి. ఎండకి లోపల వేడెక్కదు, తేలిక. అడుక్కి కాకుండా పక్కన రెండు వేళ్ళ ఎత్తులో చిల్లి పెడితే కింద కాసిని నీళ్ళు నిలవుంటాయి, ఊరెళ్ళినా తోటకూర చావదు. రెండేళ్ళు అందరికీ చెప్పాను ఇదే గొప్పని. మూడో ఏడాది ఎండకి అవి పెళుసెక్కి, గాలొచ్చినప్పుడల్లా తెల్ల గుళ్ళు రాలి బోదెలో తేలడం మొదలైంది. మానేశాను. ఒక చెత్తని వాడుకుంటున్నానన్న గర్వంలో దాన్ని పదివేల ముక్కలు చేసి కాలువలోకి వదిలానన్నమాట. అలాగే రంగులేసిన చెక్క రంపపు పొట్టు, పాత టైర్లు, రొయ్యల చెరువు అడుగు బురద, ఇవి ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు. చివరిది అసలే ఉప్పు.

ఇక తిండి. పొట్టులో మొక్కకి పెట్టే బలం దాదాపు లేదు. పైగా పచ్చి పొట్టు కుళ్ళే క్రమంలో సూక్ష్మజీవులు మనం పోసిన నత్రజనిని కూడా ముందు అవే తినేస్తాయి, ఆకులు పాలిపోతాయి. పొట్టు ఇల్లు మాత్రమే, అందులో వంట మనమే చేయాలి. మా వీధిలో ప్రకృతి సేద్యం చేసే ఒకాయన జీవామృతం చాలంటారు. నేలలో నిజంగానే చాలేమో, అక్కడ కోట్ల జీవాలున్నాయి. కడిగిన పొట్టులో అవి లేవు. ఎరువుల కొట్లో దొరికే, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 లీటరుకి ఒక గ్రాము చొప్పున వారానికి రెండుసార్లు పోస్తాను, వేరే రోజున కాల్షియం నైట్రేట్. రెండూ చిక్కగా ఒకే మగ్గులో కలిపితే అడుగున తెల్లగా సున్నపు మడ్డి దిగినట్టు దిగుతుంది, అదంతా దండగ. వర్మీకంపోస్టు గుప్పెడు పైన వేస్తాను, అది మా వీధాయన మాట మన్నించి. ఇది రసాయనమని ముఖం చిట్లించేవాళ్ళకి నేను చెప్పేది, మట్టి లేకుండా పండిస్తామంటూ మట్టి చేసే పనంతా ఎవరూ చేయకూడదంటే ఎలా?

పడనివీ ఉన్నాయి. ఆనప పాదు బకెట్లో మూడు పిందెలేసి అలిగింది. దొండ నేలలోనే వేయాలి. ముల్లంగి వంకరటింకరగా వచ్చింది.

పొట్టు కూడా శాశ్వతం కాదు. మూడు పంటలయ్యేసరికి కుంగి, సగం బకెట్ అయి, నల్లగా జిగురుగా మారుతుంది. గాలాడదు. పోయిన కార్తీకంలో అలా అయిపోయిన తొమ్మిది బకెట్లని బావి పక్క బంకమట్టి మీద కుమ్మరించి, తర్వాత చూద్దామని వదిలేశాను. వారం తర్వాత చూస్తే అక్కడ తవ్వి, సాళ్ళు తీసి ఉంది. అత్తయ్య గారు చీర చెంగు బొడ్లో దోపుకుని చివరి కంద ముక్క పాతుతున్నారు.

“అత్తయ్యా, అది నా పొట్టు,” అన్నాను.

“మట్టి అయిపోయిందమ్మాయ్,” అన్నారు, తలెత్తకుండా.